చప్పట్లు ఎప్పుడు కొట్టాలో తెలియదని కచేరీ మానుకోవాలా?

లండన్ శివార్లలోని హారో నుంచి ఒక పాఠకురాలు రాసిన పొడవాటి ఉత్తరానికి ఇది సారాంశం. ఆమెది రాజమండ్రి. భార్యాభర్తలిద్దరూ ఐటీ ఉద్యోగులు. ఎనిమిదేళ్ళ కూతురు పియానో నేర్చుకుంటోంది, రెండో గ్రేడు పరీక్షకు తయారవుతోంది. "పాపను ఒక్కసారైనా ఎదురుగా కూర్చోబెట్టి మంచి కచేరీ వినిపించండి" అని టీచరు చెప్పడంతో, వచ్చే నెలలో ఒక గురువారం రాత్రి ఏడున్నరకు విగ్మోర్ హాల్లో జరిగే పియానో కచేరీకి మూడు టికెట్లు కొన్నారు. నాలుగో వరస, కుడివైపు. మొదటి సగంలో బాఖ్ రాసిన ఐదో ఫ్రెంచ్ సూట్, బీథోవెన్ 'పథెటిక్' సొనాటా. విరామం తరవాత షోపెన్ 24 ప్రిల్యూడ్లు, అంటే చిన్నచిన్న పియానో రచనలు.

టికెట్లు కొన్నాక చిక్కులు మొదలయ్యాయి. ఇండియా నుంచి వచ్చిన మామగారు "నేనూ వస్తానమ్మా" అన్నారు. ఆయనకు 71 ఏళ్ళు, కర్ణాటక సంగీతమంటే ప్రాణం. పాట బాగుంటే "భేష్" అనకుండా, తొడమీద తాళం వేయకుండా ఉండలేరు. పైగా బీపీ మాత్రలు వాడుతున్నారు, కొన్ని నెలలుగా పొడిదగ్గు వదలడం లేదు. భర్తేమో "అర్థంకాని సంగీతానికి డబ్బిచ్చి బొమ్మల్లా కూర్చోవడం ఎందుకు" అంటున్నారు. పాప గంటకు మించి కదలకుండా కూర్చోలేదు. అన్నిటికీ మించి ఆమెనొక అవమానం వెంటాడుతోంది. పోయినేడు ఒక పాఠశాల కచేరీలో, సంగీతం ముగిసిందనుకుని ఆమె ఒక్కరే చప్పట్లు కొట్టారు. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. "టికెట్లు ఎవరికైనా ఇచ్చేయాలా? మామగారిని ఎలా వద్దనాలి? పాపను తీసుకెళ్తే నవ్వులపాలవుతానా? ఏ బట్టలు వేసుకోవాలి?" అని అడుగుతున్నారు.

సమాధానం:

మీ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైనది ఆ చప్పట్ల సంగతే అనిపించింది. మామగారి దగ్గు, పాప కదలికలు మీకంత భయం కలిగించడానికి కూడా కారణం అదే. కాబట్టి దాన్నే ముందు తీసుకుందాం.

మీరు ఆ రోజు చేసింది 18వ శతాబ్దంలో అందరూ చేసిన పనే. మొజార్ట్ 1778లో పారిస్ నుంచి తండ్రికి ఉత్తరం రాస్తూ, తన సింఫనీ మొదటి భాగం నడుస్తుండగానే జనం చప్పట్లు కొట్టారని సంబరంగా చెప్పుకున్నాడు. అసలు ఇలా ఒక్కరే కూర్చుని సాయంత్రమంతా పియానో వాయించే పద్ధతి కూడా పాతదేమీ కాదు. లిస్ట్ అనే పియానో విద్వాంసుడు 1839, 1840ల్లో దాన్ని మొదలుపెట్టాడు. ఒకే రచనలోని భాగాల మధ్య చప్పట్లు కొట్టకూడదన్న కట్టుబాటు గట్టిపడింది 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో. అంటే అది ఆ సంగీతంతో పుట్టిన నియమం కాదు, తరవాత వచ్చిన అలవాటు. వెనక్కి తిరిగి చూసినవాళ్ళకు అలవాటు తెలుసు, చరిత్ర తెలియకపోవచ్చు.

అయితే ఆ అలవాటుకు ఒక మంచి కారణం ఉంది. అది తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ ఎవరూ చెప్పక్కర్లేకుండానే తడతాయి. విగ్మోర్ హాల్లో మైకు ఉండదు. సుమారు 550 సీట్లున్న చిన్న హాలది. 1901లో బెఖ్‌స్టైన్ అనే జర్మన్ పియానో కంపెనీ తన దుకాణం పక్కనే కట్టించుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అది చేతులు మారి, 1917లో ఇప్పటి పేరుతో తెరుచుకుంది. వేదిక మీద మెల్లగా మీటిన స్వరం చివరి వరసకు కూడా అందేలా ఉంటుంది ఆ గది. అలాగే చివరి వరసలో చాక్లెట్ కాగితం విప్పినా వేదిక దాకా వినిపిస్తుంది. మన సభల్లో మైకు ఉంటుంది, తంబూరా శ్రుతి వెనక నడుస్తూనే ఉంటుంది, కాబట్టి ఒకరు దగ్గినా, కుర్చీ జరిగినా అందులో కలిసిపోతుంది. ఇక్కడ వెనక ఏమీ ఉండదు. పియానో స్వరం మీటిన క్షణం నుంచే తగ్గిపోవడం మొదలవుతుంది. ఆ తగ్గే చప్పుడు కూడా సంగీతంలో భాగమే. జనం నిశ్శబ్దంగా ఉండేది దానికోసం.

ఇక మీ కార్యక్రమంలో చప్పట్లు ఎక్కడ పడతాయో వరసగా చెబుతాను.

కళాకారుడు వేదిక మీదికి రాగానే అందరూ కొడతారు, మీరూ కొట్టండి. బాఖ్ సూట్‌లో ఏడు నాట్యాలుంటాయి: అల్లమాండ్, కురాంత్, సరబాండ్, గావొట్, బూరే, లూర్, జీగ్. వాటి మధ్య చప్పట్లుండవు. పాపను ఒళ్ళో వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టమనండి. ఏడోది మిగతావాటికన్నా హుషారుగా గంతులేస్తూ పోతుంది, అది అయ్యాక చప్పట్లు. మొత్తం పదిహేడు, పద్దెనిమిది నిమిషాలు.

'పథెటిక్' దగ్గరే జాగ్రత్త. దానికి మూడు భాగాలు. మొదటిది బరువైన, నెమ్మదైన దెబ్బలతో మొదలై, తరవాత పరుగు అందుకుంటుంది. చివర్లో ఆ పరుగు ఉన్నట్టుండి ఆగుతుంది, మొదటి నెమ్మది వరస ఖాళీలు వదులుతూ మళ్ళీ వస్తుంది. ఆ ఖాళీల్లో ముగిసిందనిపిస్తుంది, ముగియలేదు. మళ్ళీ ఒక చిన్న పరుగు, గట్టి దెబ్బలు, ఆపు. ఇక్కడ చేతులు వాటంతటవే లేస్తాయి. కానీ ఇది మొదటి భాగం ముగింపు మాత్రమే. పాఠశాల కచేరీలో మీరు పొరబడింది బహుశా ఇలాంటి చోటే. రెండో భాగం పాటలా మెత్తగా ఉంటుంది, అక్కడ ఎవరికీ చప్పట్లు కొట్టాలనిపించదు. మూడోది అయ్యాకే అసలు చప్పట్లు. ఇది ఓ పందొమ్మిది నిమిషాలు.

షోపెన్ ప్రిల్యూడ్లు 24 ఉన్నా అన్నీ కలిపి ఒకే రచనలా వాయిస్తారు. దాదాపు నలభై నిమిషాలు, మధ్యలో చప్పట్లు లేవు. కొన్ని అర నిమిషంలో అయిపోతాయి కాబట్టి లెక్క తప్పడం ఖాయం. ముగింపు మాత్రం గుర్తుపట్టడం తేలిక. 24వది పెద్ద తుఫానులా నడిచి, పియానో ఎడమ కొసన ఒకే మంద్ర స్వరం మూడుసార్లు ఒంటరిగా, గట్టిగా మోగి ఆగుతుంది. ఆ మూడు దెబ్బలే గుర్తు.

ఇవన్నీ మరిచిపోయినా ఫరవాలేదు, కళాకారుడి చేతులు చూడండి. అవి పియానో మెట్ల (కీల) మీదో గాలిలోనో ఉన్నంతసేపు, కుడికాలు పెడల్ మీద ఉన్నంతసేపు ముగియనట్టే. చేతులు ఒళ్ళోకి వచ్చి, ఒళ్ళు సడలి, మనిషి జనం వైపు తిరిగాడంటే అయినట్టు. అప్పటికీ అనుమానంగా ఉంటే పదిమంది మొదలుపెట్టాక కలవండి. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టినవారికి బహుమతేమీ ఇవ్వరు.

మామగారి సంగతి. ఆయన్ని వద్దనడానికి మర్యాదైన మాట వెతుకుతున్నారు మీరు. నా మట్టుకు, ఆ ఇంట్లో ఈ కచేరీని అందరికన్నా బాగా వినగలిగేది ఆయనే. గంటల తరబడి కూర్చుని వినే అలవాటు ఆయనకే ఉంది. ఆయనకు కావలసింది రెండు మాటల పరిచయం. పియానోలో గమకం ఉండదు, అది ముందే చెప్పేయండి, లేకపోతే అరగంటసేపు దానికోసమే వెతుక్కుంటారు. అక్కడ వినాల్సింది వేరు. బాఖ్ చివరి నాట్యం జీగ్‌లో ఒక వరస ఒంటరిగా మొదలవుతుంది, అదే వరసను రెండో గొంతు అందుకుంటుంది, తరవాత మూడోది. రెండో సగంలో ఆ వరసనే తలకిందులు చేసి, ఎక్కినచోట దిగుతూ, దిగినచోట ఎక్కుతూ వాయిస్తారు. గావొట్‌లో ఎత్తుగడ ఆవర్తం మొదట్లో కాక మధ్యలో పడుతుంది. తాళం తెలిసినవారు దాన్ని ఇట్టే పట్టేస్తారు. ప్రతి నాట్యానికీ రెండు సగాలు, ఒక్కో సగం సాధారణంగా రెండేసిసార్లు వాయిస్తారు. రెండోసారి కళాకారుడు చిన్నచిన్న అలంకారాలు చేరుస్తాడేమో గమనించమనండి.

షోపెన్ గురించి చెబితే ఆయన ఇంకా ముచ్చటపడతారు. బాలమురళీకృష్ణ 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు కట్టారు కదా. 1839లో అచ్చయిన ఈ 24 ప్రిల్యూడ్లలో షోపెన్ కూడా అలాంటి చుట్టే తిరిగాడు. పన్నెండు స్వరస్థానాలకు మేజరు, మైనరు కలిపి 24 స్కేళ్ళు (స్వరాల వరసలు), ఒక్కోదానికి ఒక్కో ప్రిల్యూడ్. ఒక మేజరు, దాని జంట మైనరు. ఆ తరవాతి జంట ముందుదానికి పంచమంలో మొదలవుతుంది. ఇంత తెలిశాక ఆయనకు నలభై నిమిషాలు బరువుగా ఉండవు.

తాళం మానమంటే ఆయన మానలేరు, మానక్కర్లేదు కూడా. చేతివేలు అరచేతిలో మెదిలితే ఎవరికీ ఇబ్బంది లేదు. తొడమీద చరిస్తే వినిపిస్తుంది. కుర్చీ చేతిమీద తడితే ఆ అదురు పక్కవారికి తెలుస్తుంది. "భేష్"ను చివరి చప్పట్లదాకా దాచుకోమనండి. అప్పుడు "బ్రావో" అని అరిచేవాళ్ళుంటారు, వాళ్ళ పక్కన ఈయన "భేష్" నిక్షేపంగా చెల్లుతుంది.

దగ్గుకు మాత్రం ముందునుంచే పని మొదలుపెట్టాలి. రామిప్రిల్, ఎనలాప్రిల్ రకం బీపీ మాత్రలతో కొందరికి విడవని పొడిదగ్గు వస్తుంది. ఆయన వాడే మాత్ర పేరు చూసి డాక్టరును అడగండి. ఆ రకమే అయితే డాక్టరు వేరే మాత్ర రాయవచ్చు. సొంతంగా మాత్రం ఆపించకండి. మాత్ర మార్చినా దగ్గు తగ్గడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, కాబట్టి కచేరీలోపు పోతుందని లెక్క వేసుకోవద్దు. దగ్గు బిళ్ళలు ఇంట్లోనే కాగితాలు విప్పి చిన్న గుడ్డసంచిలో వేసుకోండి, షుగరు కూడా ఉంటే చక్కెర లేనివి కొనండి. బాఖ్ మొదలవకముందే ఒకటి బుగ్గన పెట్టుకోవాలి, దగ్గు వచ్చాక కాదు. వస్తే మడిచిన చేతిరుమాలు నోటికి గట్టిగా అదిమి దగ్గితే చప్పుడు చాలావరకు తగ్గుతుంది. భాగాల మధ్య ఖాళీల్లో హాలంతా దగ్గుతుంది, అప్పుడు ఆయనకూ స్వేచ్ఛే. ఆయన్ని వరస చివరి సీట్లో కూర్చోబెట్టండి. దగ్గు తెర ఆగకపోతే లేచి బయటికి వెళ్ళడమే మర్యాద, అందులో సిగ్గుపడేదేమీ లేదు. గొంతులో గరగర మొదలైందని అమృతాంజనం రాసుకుని మాత్రం రానివ్వకండి. ఆ వాసన మూడు వరసలకు తెలుస్తుంది.

ఆ రోజుకు కూడా దగ్గు ఎక్కువగానే ఉంటే, ఆయన్ని ఇంకో రోజు మధ్యాహ్నం కచేరీకి తీసుకెళ్ళవచ్చు. చర్చిల్లో జరిగేవి చాలావరకు తక్కువ ఖర్చువి, కొన్ని ఉచితం. విగ్మోర్‌లో సోమవారం మధ్యాహ్నం కచేరీలూ ఉన్నాయి కానీ, దగ్గు ఉన్న మనిషిని అక్కడికి తీసుకెళ్ళకండి. అవి బీబీసీ రేడియో 3లో వస్తుంటాయి.

పాప విషయంలో మీకు మూడు దారులు కనిపిస్తున్నాయి.

మొత్తం కచేరీకి ఉంచితే తొమ్మిదింబావు దాటుతుంది, అదనపు పాటలుంటే ఇంకో పది నిమిషాలు, హారో చేరేసరికి పదింబావు. మర్నాడు బడి. షోపెన్ నలభై నిమిషాల్లో చప్పట్లు కూడా లేవు, కాబట్టి కదలడానికి వీలే దొరకదు. అక్కడ పాప విసుగుపడితే టీచరు చెప్పిన పని వికటించి, పియానో కచేరీ అంటే శిక్ష అనే ముద్ర మిగలొచ్చు.

రెండోది, మొదటి సగం మాత్రం వినిపించడం. బాఖ్, బీథోవెన్ కలిపి నలభై నిమిషాల లోపే, మధ్యలో ఒకసారి చప్పట్లు. ఎనిమిదిం పావుకు కాస్త అటూ ఇటూగా విరామం. అప్పుడు మీవారు వచ్చి పాపను ఇంటికి తీసుకెళ్తారు. నాకు ఇదే మేలనిపిస్తోంది. ఆయన్ని సంగీతం వినమని బలవంతపెట్టినట్టూ ఉండదు, మీతో ఈ పనిలో ఆయనకో పాలూ దక్కుతుంది. లండన్ నడిబొడ్డుకు వచ్చే కార్లకు వేసే కంజెషన్ చార్జి సాయంత్రం ఆరు దాటాక పడదు కాబట్టి కారులో రావచ్చు. ఒకవేళ పాప "నేను రాను, ఉంటాను" అని మొండికేస్తే ఏం చేయాలో మీరిద్దరూ ముందే అనుకోండి. వరండాలో వాదన పెట్టుకోవద్దు.

మూడోది, ఈ కచేరీకి మీరూ మామగారూ మాత్రమే వెళ్ళి, పాపను ఆదివారం ఉదయం కచేరీకి తీసుకెళ్ళడం. విగ్మోర్‌లో అవి పదకొండున్నరకు మొదలై విరామం లేకుండా గంటలో ముగుస్తాయి. పిల్లలకు ఇదే హాయి. కాకపోతే ఆ రోజు పియానోయే ఉంటుందని లేదు, చాలాసార్లు నలుగురు వాయించే తీగవాద్యాల బృందం ఉంటుంది, కార్యక్రమం చూసి కొనాలి. మూడో టికెట్ డబ్బు మాత్రం మామూలుగా వెనక్కి రాదు. టికెట్లన్నీ అమ్ముడైతే తిరిగి అమ్మిపెడతారేమో బాక్సాఫీసును, అంటే హాలు టికెట్ల కౌంటరును, అడగండి.

పాపను తీసుకెళ్ళేటట్టయితే సీట్లు మార్చగలరేమో కూడా అదే ఫోన్లో అడగండి. వేదిక మీద పియానో ఎప్పుడూ ఒకే తీరుగా పెడతారు. వాయించేవాడు మనకు ఎడమవైపు కూర్చుంటాడు, మూత కుడివైపు మనకేసి తెరుచుకుంటుంది. కాబట్టి కుడివైపు సీట్లనుంచి కళాకారుడి ముఖం కనిపిస్తుంది, వేళ్ళు కనిపించవు. నేర్చుకుంటున్న పిల్లకు వేళ్ళే కావాలి. మధ్యనుంచి ఎడమవైపు సీట్లు అందుకే ముందు అమ్ముడైపోతాయి. నాలుగో వరస ఎడమవైపు దొరకకపోతే, పదో వరస ఎడమవైపైనా పాపకు నయం. మరీ మొదటి రెండు వరసలు వద్దు, మెడ నొప్పి, పైగా కనిపించేది పియానో అడుగుభాగమే. మార్పు కుదరకపోతే కుడికాలును చూడమనండి. పెడల్ ఎంత తరచుగా మారుతుందో, బాఖ్‌కీ బీథోవెన్‌కీ ఆ వాడకంలో తేడా ఏమిటో గమనించమంటే అది టీచరుకు చెప్పుకోదగ్గ సంగతి అవుతుంది.

ఈ లోపల ఇంట్లో అన్నీ వినిపించేసి విసుగు పుట్టించకండి. బాఖ్ జీగ్, 'పథెటిక్' రెండో భాగం, ప్రిల్యూడ్లలో ఏడోది చాలు. ఏడోది పదహారు బార్లే (ఆవర్తాలే), నిమిషం లోపే అయిపోతుంది. పాప వినకుండా వెళ్ళిపోయినా అది మీకు పనికొస్తుంది. విగ్మోర్ హాలు 2020 నుంచి చాలా కచేరీలను ఇంటర్నెట్‌లో ఉచితంగా చూపిస్తోంది. ఒకదాన్ని టీవీలో పెట్టుకుని మీరూ మామగారూ చప్పట్లు ఎక్కడ పడుతున్నాయో చూడండి. ఒక్కసారి చూస్తే మీ భయం సగానికి వస్తుంది.

బట్టల గురించి అడిగారు. నియమమేమీ లేదు, ఆఫీసు బట్టలతో వచ్చేవాళ్ళే ఎక్కువ. చీర కట్టుకోండి, పట్టుదైనా సరే. గాజుగాజులు ఎక్కువ వేసుకోవద్దు, చప్పట్లప్పుడు తప్ప అవి మోగకూడదు. పాప కాళ్ళకు మువ్వల పట్టీలుంటే తీసేయండి. అన్నిటికన్నా గోల చేసేది ఉబ్బు జాకెట్టు, కదిలినప్పుడల్లా గరగరమంటుంది. దాన్ని కోట్లు పెట్టేచోట ఇచ్చేయండి. స్టీలు నీళ్ళసీసా కాళ్ళ దగ్గర పెట్టకండి, దొర్లిందంటే ఆపలేరు. ఫోన్ సైలెంట్‌లో పెట్టడం చాలదు, వణుకు కూడా వినిపిస్తుంది. పూర్తిగా ఆపేయండి. చేతి గడియారం వెలిగేదైతే దాన్నీ ఆపండి.

ఐదున్నరకల్లా తేలిగ్గా ఏదైనా తిని, హారో-ఆన్-ద-హిల్ స్టేషన్లో ఆరుంబావుకు రైలెక్కండి. వెంబ్లీ పార్కులో జూబిలీ లైను మారితే బాండ్ స్ట్రీట్, అక్కడినుంచి ఐదారు నిమిషాల నడక, మామగారితో పదనుకోండి. ఆలస్యమైతే మొదటి రచన అయ్యేదాకా లోపలికి పంపకపోవచ్చు, అంటే బాఖ్ మొత్తం పోతుంది. బాత్రూముకు విరామంలో కాక మొదలవకముందే వెళ్ళండి, ఆడవాళ్ళ వరస పొడుగు.

చివర్లో కళాకారుడు వంగి నమస్కరించి లోపలికి వెళ్ళిపోతే లేచి వచ్చేయకండి. చప్పట్లు ఆగకపోతే రెండు మూడుసార్లు వస్తాడు, కార్యక్రమంలో లేని చిన్న పాట ఒకటి వాయించవచ్చు. రైలు కోసం తప్పనిసరిగా వెళ్ళాల్సివస్తే చప్పట్లు మోగుతుండగానే లేవండి, వాయించడం మొదలయ్యాక కాదు. బాక్సాఫీసుకు ఫోన్ మాత్రం ఈ వారమే చేయండి. ఎడమవైపు సీట్లు వచ్చే నెలదాకా మిగలవు.